ఒక్క రకం హాప్స్‌తో ఐపీఏ: ఇంట్లో టూ హార్టెడ్ కాచిన నా అనుభవం

బెల్స్ బ్రూవరీ వాళ్ళ టూ హార్టెడ్ తాగినవాళ్ళకి దాని గురించి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. తాగనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఇది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో తయారయ్యే ఇండియా పేల్ ఏల్, అందరూ ఐపీఏ అని పిలిచే రకం. ఆల్కహాల్ 7 శాతం. కాస్త ముదురు బంగారు రంగు. గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే దబ్బకాయ తొక్క, పువ్వులు, పైన్ చెట్టు జిగురు, మూడు వాసనలూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. హాప్స్ అంటే బీర్‌కి చేదూ వాసనా ఇచ్చే ఒక తీగ పువ్వులు. ఇవన్నీ ఒకే ఒక్క రకం హాప్స్ నుంచి వస్తున్నాయంటే మొదటిసారి నేను నమ్మలేదు. దాని పేరు సెంటెన్నియల్. చేదుకి అదే, రుచికి అదే, వాసనకీ అదే. ఇంకో రకం హాప్స్ ఊసే లేదు.

దీన్ని ఇంట్లో కాచాలన్న కోరిక నాకు ఎప్పటినుంచో ఉంది. అప్పటికి నేను ఇంట్లో బీర్ చేయడం కొత్తేమీ కాదు, కానీ చేసినవన్నీ సొంతంగా అల్లుకున్న రెసిపీలే. తాగినవాళ్ళు బాగుందనేవారు, నాకూ బాగుందనిపించేది. అయితే ఆ బాగుండటానికి కొలబద్ద ఏమీ లేదు. చేదు కాస్త ఎక్కువైతే, నేను అలాగే కావాలనుకున్నాను అని సర్దుకోవచ్చు. రంగు ముదిరితే అదీ ఒక అందమే అనుకోవచ్చు. క్లోన్ చేస్తే, అంటే ఉన్న బీర్‌నే అచ్చుగుద్దినట్టు చేయబోతే, ఆ వెసులుబాటు ఉండదు. అసలుది ఒక గ్లాసులో, మనది ఒక గ్లాసులో పోసి పక్కపక్కన పెట్టాక, తేడా ఎక్కడుందో నాలుకే చెప్పేస్తుంది. నాకు కావాల్సింది అదే.

అన్ని ఐపీఏల్లోకీ టూ హార్టెడ్‌నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. ఒకటే హాప్ కాబట్టి వాసనలో తేడా వస్తే దేనివల్లో వెతుక్కోవడం తేలిక. అయిదారు రకాలు కలిపిన బీర్‌లో ఏది ఎక్కువైందో, ఏది తగ్గిందో పట్టుకోవడం మామూలు వాళ్ళ వల్ల కాదు. రెండోది, ఇందులో దాపరికం లేదు. ఏ మాల్ట్, ఏ హాప్, ఎంత చేదు అన్నవి ఇంట్లో బీర్ కాచే హోంబ్రూయర్లందరికీ తెలిసినవే. ఈ బ్రూవరీ పుట్టుక కూడా అలాంటిదే. లారీ బెల్ 1983లో మిషిగన్‌లోని కలమజూ ఊళ్ళో పెట్టింది ఇంట్లో బీర్ కాచుకునేవాళ్ళకి సామాన్లు అమ్మే కొట్టు. 1985లో అమ్మకానికి మొదటి బీర్ కాచింది 15 గ్యాలన్ల సూప్ గిన్నెలో. ఇప్పుడు నా దగ్గరున్న గిన్నె అంతకంటే మరీ చిన్నదేమీ కాదు. అమెరికాలో మేటి బీర్ ఏదని అమెరికన్ హోంబ్రూయర్స్ అసోసియేషన్ సభ్యులు వేసే ఓటింగ్‌లో ఎనిమిదేళ్ళు వరసగా ప్లైనీ ది ఎల్డర్ అనే బీర్ మొదటి స్థానంలో ఉంటే, 2017లో దాన్ని దాటి పైకి వచ్చింది టూ హార్టెడే. తామే బీర్ కాచేవాళ్ళు ఇచ్చిన ఓట్లు కాబట్టి వాటికి నేను విలువిస్తాను.

చట్టం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అమెరికాలో ఇంట్లో బీర్ కాచుకోవడానికి దారి ఇచ్చిన చట్టం మీద జిమ్మీ కార్టర్ 1978 అక్టోబర్‌లో సంతకం చేశారు, 1979లో అమల్లోకి వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల వరకు, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్ల వరకు చేసుకోవచ్చు. అమ్మకూడదు. అయినా రాష్ట్రాల చట్టాలు వేరు కాబట్టి అలబామా, మిసిసిపీ రాష్ట్రాల్లో 2013 దాకా ఇది కుదరలేదు. భారతదేశంలో రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు మామూలుగా ఇలాంటి అనుమతి ఇవ్వవు. అక్కడున్నవాళ్ళు ఇది చదివి గిన్నె ఎక్కించవద్దని మనవి.

పేరులో ఇండియా ఎందుకుందని మనవాళ్ళు తప్పకుండా అడుగుతారు. 18వ శతాబ్దం చివర్లో లండన్‌లోని బో బ్రూవరీ నుంచి జార్జ్ హాడ్జ్‌సన్ బీర్ ఓడల్లో కలకత్తాకీ మద్రాసుకీ వచ్చేది. 1820లలో ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి బ్రూవర్లు ఆ వ్యాపారంలోకి దిగారు. ఇండియాకి పంపడం కోసమే ఎవరో ఈ బీర్‌ని కనిపెట్టారన్న కథ మాత్రం నిజం కాదు. వేడి దేశాలకి పంపే బీర్‌లో హాప్స్ ఎక్కువ వేయాలన్న సంగతి వాళ్ళకి అంతకుముందే తెలుసు. అమెరికా వాళ్ళ ఐపీఏ దాని మనవడే గానీ పోలికలు వేరు. 1972లో విడుదలైన క్యాస్కేడ్, 1990లో వచ్చిన సెంటెన్నియల్ లాంటి హాప్స్‌లో ఉండే నిమ్మజాతి వాసన ఇంగ్లండ్ హాప్స్‌లో లేదు.

నేను వాడిన కొలతలివి. బీర్ పులియబెట్టే పాత్ర, అంటే ఫెర్మెంటర్‌లోకి 20 లీటర్లు రావాలని లెక్క వేసుకున్నాను. టూ రో బార్లీ మాల్ట్ నాలుగున్నర కిలోలు, పేల్ ఏల్ మాల్ట్ కిలో 300 గ్రాములు, క్రిస్టల్ 40 మాల్ట్ 225 గ్రాములు. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. క్రిస్టల్ రకంలో గింజ లోపలి చక్కెరని వేడితో కాస్త పాకం పట్టిస్తారు, అందుకే రంగూ ఆ చిరుతీపీ వస్తాయి. హాప్స్ మరిగేటప్పుడు రెండుసార్లు, ఒక్కోసారి 34 గ్రాముల చొప్పున. చివర్లో పులిసిన బీర్‌లో వేసేది 100 గ్రాములు. చూశారుగా, మరిగించేదానికంటే చివర్లో వేసేదే ఎక్కువ. వాసనంతా అక్కడిదే.

34 గ్రాములన్నది రాయి మీద చెక్కిన లెక్క కాదు. హాప్స్ చేదు ఆల్ఫా ఆమ్లాల నుంచి వస్తుంది, వాటి శాతం పంట పంటకీ మారుతుంది. సెంటెన్నియల్‌లో మామూలుగా తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర శాతం దాకా ఉంటుంది. రెసిపీ 10 శాతం అనుకుని రాసింది, నా చేతికొచ్చిన ప్యాకెట్ మీద 9.1 ఉంది. అందుకని మరిగేటప్పుడు వేసేదాన్ని 37 గ్రాములకి పెంచాను. చేదు కొలిచే ఐబీయూ లెక్కలో అసలు బీర్ 55 దగ్గర ఉంటుంది. ప్యాకెట్ మీది అంకె చూడకుండా రెసిపీలో ఉన్నదున్నట్టు వేసేస్తే, మొదటి గుక్కలోనే బీర్ పలచబడినట్టు అనిపిస్తుంది. దోషం మాల్ట్‌ది అనుకుని ఎక్కడెక్కడో వెతుకుతాం.

ఇక ఈస్ట్. నన్ను అన్నిటికంటే ఉత్సాహపరిచింది ఇదే. బెల్స్ బీర్‌ని వడకట్టరు. సీసా అడుగున పలచటి తెల్లటి పొరలా పేరుకునేది బ్రూవరీ సొంత ఈస్ట్, అదీ ప్రాణంతో ఉన్నది. అంటే బీర్‌తో పాటు దాన్ని కాచే జీవిని కూడా వాళ్ళు మన చేతికి ఇస్తున్నట్టే. పెరుగుకి తోడు ఇరుగుపొరుగు ఇళ్ళనుంచి తెచ్చుకున్నట్టు, ఆ ఈస్ట్‌ని తీసి పెంచుకోవచ్చు. ఇలాంటి అమెరికన్ ఏల్‌కి దుకాణంలో దొరికే పొడి ఈస్ట్ కూడా సరిపోతుంది, చాలామంది అదే వాడతారు. కానీ ఈ బీర్‌లో హాప్స్ కింద ఒక మెత్తటి పండు వాసన ఉంటుంది. అది ఈస్ట్ పనే అని నా నమ్మకం. దాన్ని వదులుకుని క్లోన్ అనడం నాకు నచ్చలేదు.

ఆల్కహాల్ ఎక్కువగా ఉన్న సీసాలో ఈస్ట్ నీరసించి ఉంటుంది. అందుకని ఏడు శాతం టూ హార్టెడ్ బదులు అదే బ్రూవరీ తేలికపాటి ఏల్‌లు కొన్ని తెచ్చాను. సీసా మీద తేదీ చూసి, వీలైనంత కొత్తవే ఏరుకున్నాను. వాటిని ఫ్రిజ్‌లో కదపకుండా నిలువుగా ఉంచితే ఈస్ట్ మొత్తం అడుక్కి చేరింది. పైన తేరిన బీర్‌ని నిదానంగా గ్లాసుల్లోకి వంపేసి, అడుగున రెండు వేళ్ళ మందం మాత్రం మిగిల్చాను. సీసా మూతిని మంట మీద తిప్పి, బాగా శుభ్రం చేసిన ఫ్లాస్క్‌లో 200 మిల్లీలీటర్ల పలచటి మాల్ట్ నీళ్ళలోకి ఆ అడుగుమడ్డి అంతా పోశాను. పలచటి అంటే 1.020 సాంద్రత (నీళ్ళది 1.000, చక్కెర పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది), పది పదకొండు గ్రాముల మాల్ట్ పొడి చాలు. నీరసంగా ఉన్న ఈస్ట్‌ని ఒక్కసారిగా చిక్కటి తీపిలో పడేస్తే తట్టుకోలేదు.

మొదట్లో ఏమీ కనిపించలేదు. ఉందో లేదో అని కాస్త టెన్షన్. తర్వాత ఫ్లాస్క్ అంచున సన్నటి నురగ కట్టింది, అడుగున పొర చిక్కబడింది. అక్కడినుంచి లీటరుకి, లీటరునుంచి రెండు లీటర్లకి, ఈసారి 1.037 సాంద్రతలో పెంచాను. 20 లీటర్ల బీర్‌కి, అదీ ఇంత గట్టిదానికి, సుమారు 23 వేల కోట్ల ఈస్ట్ కణాలు కావాలి. ఇంట్లో లెక్కపెట్టలేం కదా, అడుగున కూరుకున్న పొర మందం చూసి అంచనా వేసుకోవడమే. ఒక జాగ్రత్త మాత్రం ఎవరూ మానకూడదు. పెంచిన ఈస్ట్ పైనున్న ద్రవాన్ని ఒక చెంచాడు రుచి చూడాలి. పుల్లగా ఉన్నా, మందుల వాసన వచ్చినా, ఎంత కష్టపడి పెంచినా సరే పారబోయాలి. నాది చప్పటి బీర్‌లా, శుభ్రంగా, కొంచెం పండు వాసనతో ఉంది. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

నీళ్ళ గురించి చెప్పకుండా ఐపీఏ గురించి చెప్పలేం. బర్టన్ ఊరి బీర్‌కి అంత పేరు రావడానికి అక్కడి బావినీళ్ళలో ఉన్న జిప్సమ్, అంటే కాల్షియం సల్ఫేట్, ఒక పెద్ద కారణం. సల్ఫేట్ ఎక్కువగా ఉంటే హాప్స్ చేదు పొడిగా, స్పష్టంగా నిలబడుతుంది. క్లోరైడ్ ఎక్కువగా ఉంటే మాల్ట్ గుండ్రంగా, నిండుగా అనిపిస్తుంది. నేను ఆర్ఓ నీళ్ళు 30 లీటర్లు తీసుకుని, 8 గ్రాముల జిప్సమ్, 3 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలిపాను. దాంతో సల్ఫేట్ లీటరుకి 150 మిల్లీగ్రాములు, క్లోరైడ్ 50 దగ్గర ఉంటాయి. కుళాయి నీళ్ళు వాడేవాళ్ళు క్లోరిన్ పోగొట్టడం మరిచిపోవద్దు. అది ఉంటే బీర్‌కి బ్యాండేజీ వాసన పడుతుంది.

కాచే రోజు పొద్దున్నే మాల్ట్ మర పట్టాను. గింజ చిట్లాలి, పిండి కాకూడదు, పొట్టు విడిగా నిలవాలి. తర్వాత వడకట్టేటప్పుడు జల్లెడగా పనికొచ్చేది ఆ పొట్టే. వేడినీళ్ళలో మాల్ట్ కలిపి 66 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచాను. ఈ డిగ్రీలకి పెద్ద కథే ఉంది. మాల్ట్‌లోని పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైములు రెండు. బీటా అమైలేజ్‌కి 60 నుంచి 65 మధ్య వేడి ఇష్టం, అది ఈస్ట్ తినగలిగే చిన్న చక్కెరలు చేస్తుంది. ఆల్ఫా అమైలేజ్‌కి 70 దగ్గర ఊపొస్తుంది, అది ఈస్ట్ తినలేని పెద్ద ముక్కల్ని మిగులుస్తుంది. 66 దగ్గర రెండూ పనిచేస్తాయి గానీ మొగ్గు మొదటిదానివైపు ఉంటుంది. టూ హార్టెడ్ ఏడు శాతం బీర్ అయినా జిడ్డుగా ఉండదు, గొంతులో తేలిగ్గా దిగుతుంది. దాన్ని అందుకోవాలంటే నాలుగు డిగ్రీలు అటూ ఇటూ పోనివ్వకూడదు. గిన్నెకి పాత దుప్పటి చుట్టి, థర్మామీటర్ వంకే చూస్తూ కూర్చున్నాను.

మరిగించడంలో చెప్పుకోదగ్గది లేదు. పొంగు వచ్చేటప్పుడు పక్కనే ఉండాలి, మూత పెట్టకూడదు, అంతే. మాల్ట్ నుంచి వడకట్టిన తీపి ద్రవాన్ని వోర్ట్ అంటారు. గంటసేపు మరిగే వోర్ట్‌లో చివరికి 45 నిమిషాలు ఉందనగా మొదటి హాప్స్, 30 నిమిషాలు ఉందనగా రెండోవి. ఆల్ఫా ఆమ్లాలు ఇలా మరిగితేనే రూపం మార్చుకుని నీళ్ళలో కరుగుతాయి, చేదు దిగేది అప్పుడే. ఇంట్లో ఆ వాసన సాయంత్రం దాకా ఉంది. మా ఆవిడకి బీర్ ఇష్టం లేదు గానీ ఆ వాసన మాత్రం ఇష్టమే. "దీన్నిలాగే ఉంచేయకూడదా, మళ్ళీ పులియబెట్టడం ఎందుకండీ" అంది.

రాగి గొట్టం చుట్టలో చన్నీళ్ళు పారించి వోర్ట్‌ని 18 డిగ్రీలకి చల్లార్చాను. సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.064 చూపించింది. ఫెర్మెంటర్‌లోకి పోసి, గాలి బాగా కలిసేలా గట్టిగా ఊపాను. ఈస్ట్ తన సంతతిని పెంచుకోవడానికి ఆక్సిజన్ కావాలి. మొత్తం ప్రయాణంలో బీర్‌కి గాలి మంచి చేసేది ఈ ఒక్కసారే. తర్వాత తగిలిన ప్రతి బొట్టు గాలీ శత్రువే. పెంచిన ఈస్ట్ పోసి, లోపలి గ్యాస్‌ని బయటికి వదిలే ఎయిర్‌లాక్ బిగించి, ఫెర్మెంటర్‌ని పాత ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ ఫ్రిజ్‌కి ఉష్ణోగ్రత అదుపు చేసే పెట్టె ఒకటి తగిలించి ఉంది.

మర్నాటికల్లా ఎయిర్‌లాక్ బుడగలు విడుస్తోంది. నురగ చిక్కగా, మీగడ రంగులో పైకి లేచింది. పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తానే వేడి పుట్టిస్తుంది. గది 18 ఉంటే లోపల 22 అయిపోవచ్చు. అందుకని థర్మామీటర్‌ని ఫెర్మెంటర్ గోడకే అతికించి, మొదటి మూడు రోజులు 19 దాటనివ్వలేదు. వేడి పెరిగితే పండు వాసనలు మితిమీరి, అరటిపండు దాకా పోతుంది. ఉధృతం తగ్గాక 21 దాకా మెల్లగా వదిలాను. అప్పటికి వేడి పెంచడం వల్ల ఈస్ట్ తాను వదిలిన పదార్థాల్ని తానే మళ్ళీ శుభ్రం చేసుకుంటుంది.

సాంద్రత 1.013 దగ్గర ఆగింది. ఇప్పుడు 100 గ్రాముల సెంటెన్నియల్ పెల్లెట్స్ (పొడిచేసి గుళికలుగా ఒత్తిన హాప్స్) పులిసిన బీర్‌లోకి. దీన్నే డ్రై హాపింగ్ అంటారు. మరిగించరు కాబట్టి చేదు పెద్దగా రాదు, నూనెల వాసన మాత్రం దిగుతుంది. రెసిపీల్లో దీనికి ఒక వాక్యం రాసి వదిలేస్తారు. నా లెక్కలో ఈ బీర్ గెలిచేదీ ఓడేదీ ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా చెప్తాను.

మొదటి సంగతి, హాప్స్ వేశాక బీర్ మళ్ళీ పులుస్తుంది. హాప్స్‌లో కూడా కొన్ని ఎంజైములుంటాయి. ఈస్ట్ తినలేక వదిలేసిన పెద్ద చక్కెరల్ని అవి విడగొడతాయి, ఈస్ట్ మళ్ళీ పని మొదలుపెడుతుంది. హాప్ క్రీప్ అని ఇప్పుడు బ్రూవర్లు తెగ మాట్లాడుకుంటున్నారు గానీ ఇది కొత్త విషయం కాదు. ఇంగ్లండ్‌లో బ్రౌన్, మోరిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1893లోనే దీని గురించి రాశారు. నా బీర్‌లో 1.013 ఉన్నది నాలుగు రోజుల్లో 1.011కి దిగింది. చూడటానికి చిన్న తేడానే. కానీ ఇది జరగకముందే సీసాల్లో నింపేస్తే, సీసాలోపల పులిసి గ్యాస్ పెరిగిపోతుంది, సీసా పగిలే ప్రమాదమూ ఉంది. 1.064 నుంచి 1.011 అంటే లెక్క ప్రకారం 7 శాతం ఆల్కహాల్, లేబుల్ మీద ఉన్న అంకె. ఆ రెండు పాయింట్లు దిగకపోతే ఏడు వచ్చేది కాదు.

రెండోది వెన్న వాసన. మళ్ళీ పులవడం మొదలైతే డయాసిటైల్ పుట్టే అవకాశం ఉంటుంది. థియేటర్లో పాప్‌కార్న్ మీద వేసే వెన్న వాసన గుర్తుందా, అదే. మొదట దాని ముడిసరుకు మాత్రమే తయారవుతుంది, దానికి వాసన ఉండదు. చల్లార్చి కెగ్‌లో (బీర్ నిలవచేసే లోహపు పీపాలో) నింపాక ఎన్నాళ్ళకో బయటపడుతుంది. ముందే తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. రెండు చిన్న గాజు సీసాల్లో కాస్త బీర్ తీసుకుని, ఒకదాన్ని 60 డిగ్రీల నీళ్ళలో 20 నిమిషాలు ఉంచి చల్లార్చాలి, రెండోదాన్ని అలాగే ఉంచాలి. వేడిచేసినదాంట్లో వెన్న వాసన వస్తే ఇంకా సమయం ఇవ్వాలని అర్థం. మొదటిసారి చూసినప్పుడు నాకు లీలగా వచ్చింది. ఫెర్మెంటర్‌ని 20 డిగ్రీల దగ్గరే ఇంకొన్నాళ్ళు ఉంచి మళ్ళీ చూశాను. పోయింది. ఈ పరీక్షకి ఖర్చు లేదు, అరగంట పని. ఐపీఏ చేసే ప్రతివాళ్ళూ దీన్ని అలవాటు చేసుకోవాలని గట్టిగా చెప్తాను.

మూడోది గాలి. హాప్స్ వాసన ఇచ్చే నూనెలు ఆక్సిజన్ తగిలితే నిలవవు. ముందు తాజాదనం పోతుంది, తర్వాత రంగు ముదురుతుంది, ఆ తర్వాత తేనె, తడిసిన అట్ట లాంటి వాసనలు మొదలవుతాయి. స్టౌట్ అనే నల్లటి బీర్ దీన్ని కొంత ఓర్చుకుంటుంది, ఐపీఏ ఓర్చుకోదు. అందుకే హాప్స్ వేయడానికి మూత తీసినప్పుడు లోపలికి కార్బన్ డయాక్సైడ్ సన్నగా వదులుతూనే ఉన్నాను. బీర్‌ని చల్లబరిచేటప్పుడు లోపలి గ్యాస్ కుంచించుకుపోయి ఎయిర్‌లాక్ గుండా బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. అందుకని ముందే ఎయిర్‌లాక్ తీసేసి, గ్యాస్ నింపిన బెలూన్ తగిలించాను. బీర్ చల్లబడేకొద్దీ బెలూన్ చిక్కిపోయింది. అది లేకపోతే అంత గాలీ బీర్‌లోకి పోయేదే కదా.

కెగ్ నింపడం కూడా అదే శ్రద్ధతో చేశాను. ఖాళీ కెగ్‌లోకి గ్యాస్ వదిలి మూత తెరిచి మళ్ళీ వదిలినా గాలి పూర్తిగా పోదు. కెగ్‌ని శానిటైజర్ నీళ్ళతో అంచుదాకా నింపి, ఆ నీళ్ళని గ్యాస్‌తో బయటికి నెట్టేస్తే లోపల మిగిలేది కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. తర్వాత ఫెర్మెంటర్ నుంచి గొట్టం ద్వారా బీర్ అడుగునుంచి నిండుతుంటే, కెగ్ పైనున్న గ్యాస్ ఇంకో గొట్టం ద్వారా తిరిగి ఫెర్మెంటర్‌లోకి వెళ్ళింది. బీర్ ఎక్కడా బయటి గాలి మొహం చూడలేదు. నాలుగు డిగ్రీల దగ్గర 12 పీఎస్ఐ ఒత్తిడి పెట్టి వదిలేశాను. గ్యాస్ నెమ్మదిగా పట్టుకుంది.

ఇక అసలు పరీక్ష. దుకాణంలో టూ హార్టెడ్ కొనేటప్పుడు డబ్బా మీద ప్యాక్ చేసిన తేదీ చూశాను. నా బీర్ కెగ్‌లో పడింది ఇంకా కొత్తగా, ఆ డబ్బా కొన్ని వారాల పాతది. ఈ తేడా పెద్దది. పక్కపక్కన పోసి వాసన చూస్తే నాదే గట్టిగా, పచ్చిగా, ఆకు వాసనతో కొట్టింది. డబ్బాది మెత్తగా, నారింజ తొక్కల మార్మలేడ్ వైపు ఉంది. అప్పటికి సంతోషపడటానికీ లేదు, దిగులుపడటానికీ లేదు. ఒకే వయసున్నవాటిని పోల్చాలి. అందుకని నా కెగ్‌లోంచి కొంత బీర్ గ్యాస్ ఒత్తిడిలోనే సీసాల్లోకి పట్టి పక్కన పెట్టాను. కొన్ని వారాలయ్యాక, దాదాపు అదే వయసున్న డబ్బాలు వెతికి తెచ్చాను.

ఈసారి నేను పోసి నేనే తాగితే లాభం లేదు. ఏది ఏదో తెలిసిన నాలుక తనకి కావాల్సిందే చెప్తుంది. త్రికోణ పరీక్ష అని ఒక పద్ధతి ఉంది. ఒకేలాంటి మూడు గ్లాసులు, రెండింట్లో ఒకే బీర్, మూడోదాంట్లో వేరేది. తాగేవాళ్ళు వేరేది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు మంది సరిగ్గా చెప్పేస్తారు కాబట్టి, 12 మంది తాగితే కనీసం 8 మంది పట్టుకుంటేనే తేడా నిజంగా ఉన్నట్టు లెక్క. మా ఇంటికి అంతమంది రాలేదు. ఉన్నవాళ్ళం కూర్చున్నాం. గ్లాసులు పోసింది మా ఆవిడ, ఎవరి గ్లాసులో ఏముందో చీటీ మీద రాసుకుంది. రంగు కనబడకుండా ముదురు రంగు ప్లాస్టిక్ గ్లాసులు వాడాం.

మా బావమరిది మూడూ వాసన చూసి, రెండోసారి చూసి, "బావా, మధ్యది వేరు. చేదులో తేడా లేదు, మింగాక చివర్లో ఉంది. మిగతా రెండిట్లో చిన్న తీపి మిగులుతోంది" అన్నాడు. సరిగ్గా పట్టుకున్నాడు. మధ్యది బ్రూవరీది. మిగిలినవాళ్ళలో కొంతమంది తప్పు గ్లాసు చూపించారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ పట్టుకున్నాను గానీ వాసనతో కాదు, నాకూ అదే చివరి తీపి దొరికింది. చేదు కలిసింది, ఆల్కహాల్ కలిసింది, ఈస్ట్ వదిలిన ఆ మెత్తటి పండు వాసన రెండింట్లోనూ ఒకేలా ఉంది. సీసా అడుగున మడ్డిలోంచి పెంచుకున్న ఈస్ట్ అంత పని చేసిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, పొడి ఈస్ట్‌తో ఇది వచ్చేది కాదని అనుకుంటున్నాను.

మామూలు గాజు గ్లాసుల్లో పోసి కిటికీ దగ్గర పెడితే ఇంకొకటి బయటపడింది. నా బీర్ రంగు ఒక మెట్టు ముదురు. తీపీ రంగూ రెండూ ఒకే దిక్కు చూపిస్తున్నాయంటే క్రిస్టల్ మాల్ట్ మీద అనుమానం రావడం సహజం. నేను వాడిన కంపెనీ మాల్ట్, బ్రూవరీ వాడేది ఒకటే అయ్యుండాల్సిన పనిలేదు, 40 అన్న అంకె ఒకటే అయినా రంగు కాస్త అటూ ఇటూ ఉంటుంది. హాప్స్ సంగతి వేరు. పెద్ద బ్రూవరీలు కోతల కాలంలో పొలాల దగ్గరికే వెళ్ళి, వేర్వేరు పొలాల హాప్స్‌ని నలిపి వాసన చూసి తమకి కావాల్సినవి ఎంచుకుంటాయి, వాటిని కలిపి ఏడాది పొడవునా ఒకే రుచి నిలబెడతాయి. మనకి దొరికేది ఒక్క పొలంది, ఒక్క ప్యాకెట్. మొదటి పోలికలో నా బీర్‌లో కనిపించిన ఆకు పచ్చిదనం వయసు వల్ల తగ్గింది గానీ, అందులో కొంత ఆ ప్యాకెట్ స్వభావం కూడా అయ్యుండొచ్చు. తర్వాతి విడతకి ఇద్దరు వేర్వేరు అమ్మకందార్ల దగ్గర సెంటెన్నియల్ తీసుకుని సగం సగం కలుపుదామనుకున్నాను, మళ్ళీ ఆగాను.

రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఈసారి క్రిస్టల్ మాల్ట్ ఒక్కటే 225 గ్రాముల నుంచి 150కి తగ్గించి, తగ్గిన 75 గ్రాముల స్థానంలో టూ రో మాల్ట్ వేశాను. హాప్స్ అదే లాట్‌వి, మొదటిసారి మిగిలినవి గాలి తీసిన సంచిలో ఫ్రీజర్‌లో ఉన్నాయి. ఈస్ట్ కూడా పోయినసారి ఫెర్మెంటర్ అడుగునుంచి తీసి జాడీలో దాచిందే. ఇప్పుడది పాత ఫ్రిజ్‌లో 19 డిగ్రీల దగ్గర పులుస్తోంది. ఈసారి గ్లాసులు మా బావమరిది పోస్తానన్నాడు, మా ఆవిడ వాసన మటుకు చూస్తానంది.